‘ఈ రోజు వేస్ట్’ అని రాసుకునే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచి చదువులో ముందుంటుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనేది మావారి మాట. రోజూ ఇంటికి రాగానే ‘ఇవాళ ఏం సాధించావ్?’ అని అడగడం ఆయన అలవాటు. ఏడాదిగా మా అమ్మాయి తనంతట తానే ఒక నోట్‌బుక్ రాస్తోంది. నిద్ర లేచిన టైమ్, చదివిన పేజీలు, వ్యాయామం, ఫోన్ చూసిన నిమిషాలు, బొమ్మలు గీసిన నిమిషాలు, అన్నింటికీ గడులు గీసుకుంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజుకి పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటుంది. పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకే లేస్తోంది. ఒకప్పుడు బొమ్మలు గీస్తూ కూర్చుంటే పిలిచినా పలికేది కాదు. ఇప్పుడు ఫోన్లో అరగంట టైమర్ పెట్టుకుని, అది మోగగానే పెన్సిల్ కింద పెట్టేస్తోంది. మొన్న టేబుల్ సర్దుతూ ఆ నోట్‌బుక్ తెరిచాను. వాళ్ల అమ్మమ్మకు ఒంట్లో బాగాలేక, మధ్యాహ్నమంతా తన పక్కనే కూర్చున్న రోజు కింద ‘3/10. ఈ రోజు వేస్ట్’ అని ఉంది. మావారికి చెబితే ‘మంచిదేగా, ఆ క్రమశిక్షణ ఈ వయసులో కాకపోతే ఎప్పుడొస్తుంది’ అన్నారు. నాకు మాత్రం ఆ మాట చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. పిల్లల్ని ఎప్పుడూ ఇంకా ఇంకా అని తోస్తూనే ఉండాలా? వదిలేస్తే వెనకబడిపోతారేమోనని భయం. తోస్తే ఇలా. ఏం చేయమంటారు?
– ఓ అమ్మ

సమాధానం: మీవారు చెప్పినదాంట్లో నిజం ఉంది. ముందు ఆ మాట ఒప్పుకుని మొదలుపెడతాను. ఎందుకంటే మీ ఉత్తరం చదివినవాళ్లలో చాలామంది ‘పాపం, పిల్లని వదిలేయండి, హాయిగా ఉండనివ్వండి’ అంటారు. నేను అలా అనలేను. కష్టపడే అలవాటు, ఒక పని పట్టుకుంటే సరిగ్గా వచ్చేదాకా వదలని గుణం జీవితాంతం అక్కరకొచ్చేవి. ఒక విద్య చేతికి పట్టుబడినప్పుడు కలిగే ఆనందం మరి దేనివల్లా రాదు. అది ఎలా ఉంటుందో తెలియకుండానే పిల్లలు పెద్దవాళ్లయిపోతే అందులో మన తప్పూ ఉంటుంది. ఏ విద్యయినా మొదట్లో విసుగే. ఆ విసుగు దాటేదాకా పెద్దవాళ్లు వెనక నిలబడి కాస్త తొయ్యక తప్పదు. ‘నీ ఇష్టం’ అని చేతులు దులుపుకోవడం తేలికే గానీ, అది పిల్లలకు చేసే మేలేమీ కాదు.

అయినా ఆ ‘3/10’ చూసి మీ గుండె గుబేలుమంది చూశారా, అదీ సరైనదే. మీరిద్దరూ ఒకే నోట్‌బుక్‌లో రెండు వేర్వేరు విషయాలు చూస్తున్నారు. ఆయనకు కనిపిస్తున్నది పట్టుదల. మీకు కనిపించింది తీర్పు. ఒక లెక్కని, ఒక బొమ్మని, ఒక వ్యాసాన్ని ముందు పెట్టుకుని ‘దీన్ని ఇంకా బాగా చేయొచ్చు’ అనుకోవడం పట్టుదల. రోజు చివర కూర్చుని ‘నేను పదికి మూడు’ అనుకోవడం తీర్పు. లెక్క ఎప్పటికో అప్పటికి తేలుతుంది, బొమ్మ పూర్తవుతుంది, పుస్తకం మూసి లేవొచ్చు. ‘నన్ను నేను మెరుగుపరుచుకోవాలి’ అనే పని మాత్రం ఏ సాయంత్రానికీ పూర్తవదు. తొమ్మిది వచ్చిన రోజు కూడా ఒక మార్కు తక్కువే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. పిల్లల్ని పని వైపు తోయండి, గట్టిగానే తోయండి. తమని తాము పొద్దస్తమానం కొలుచుకునే వైపు మాత్రం తోయకండి.

ఇందుకు నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ బాల్యం. ఆయన 1806లో పుట్టాడు. తండ్రి జేమ్స్ మిల్ కొడుకుని బడికి పంపకుండా తానే చదువు చెప్పాడు. మూడో ఏట గ్రీకు, ఎనిమిదో ఏట లాటిన్, పన్నెండో ఏట తర్కశాస్త్రం. తను నేర్చుకున్నది తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేర్పే బాధ్యత కూడా ఆ పిల్లవాడిదే. పని చేసే అలవాటు ఎక్కడ తప్పుతుందోనని సెలవులు కూడా ఉండేవి కావు. ఇందులో ఒక సంగతి మీవారికి తప్పకుండా చెప్పండి. ఆ తండ్రి కొడుకుని తోటి పిల్లలతో పోల్చేవాడు కాదు. పొగడ్తలు చెవిన పడి గర్వం తలకెక్కకుండా జాగ్రత్తపడేవాడు. మనిషన్నవాడు ఎంత చేయగలడు, ఎంత చేయాలి అన్నదొక్కటే ఆయన పెట్టిన కొలత. ఈ రోజుల్లో ‘మేం ఎవరితోనూ పోల్చం, నీకు నువ్వే పోటీ’ అని గర్వంగా చెప్పుకునే తల్లిదండ్రులకు ఇది ఆదర్శంగానే కనిపిస్తుంది.

ఆ కుర్రవాడు ఇరవై ఏళ్లవాడయ్యాడు. లోకాన్ని బాగుచేయాలనే ఆశయాలు, రచనలు, చర్చలు, తీరిక లేని జీవితం. 1826లో ఒకరోజు తనకు తానే ఒక ప్రశ్న వేసుకున్నాడు. నేను కోరుకుంటున్న మార్పులన్నీ ఈ క్షణమే జరిగిపోతే నాకు నిజంగా సంతోషం కలుగుతుందా? లోపలి నుంచి ‘లేదు’ అని జవాబొచ్చింది. దాంతో కాళ్ల కింద నేల కదిలిపోయినట్టయింది. విచిత్రం ఏమిటంటే ఆయన పని ఆపలేదు. అలవాటు కొద్దీ యంత్రంలా చేస్తూనే పోయాడు. ఆ బాధ ఎవరికైనా చెప్పుకుందామంటే, అందరికన్నా ముందు తండ్రి దగ్గరికి వెళ్లలేననిపించింది. ఈ చదువంతా తండ్రి కష్టం. ఆయన వేసిన ప్రణాళిక విఫలమైందని తెలిస్తే బాధపడతాడు. అంత ప్రేమగా, అంత శ్రద్ధగా పెంచిన తండ్రికే ఆ మాట చెప్పలేకపోయాడు.

మీ అమ్మాయి విషయంలో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. మార్కులు తగ్గుతాయని కాదు. అలసిపోయిన రోజు ఆ మాట ఇంట్లో చెప్పలేకపోతుందేమోనని.

మిల్ ఎలా తేరుకున్నాడో కూడా చెప్పాలి. కొన్ని నెలల తర్వాత ఒక ఫ్రెంచి రచయిత జ్ఞాపకాలు చదువుతుంటే, ఆ రచయిత చిన్నతనంలో తండ్రిని పోగొట్టుకున్న ఘట్టం వచ్చింది. మిల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తనలో ఇంకా స్పందించే మనిషి మిగిలే ఉన్నాడని అప్పుడు తెలిసి, భారం కొంత దిగింది. ఆ తర్వాత 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం ఆయనకు మందులా పనిచేసింది. చివరికి ఆయన తేల్చుకున్నది ఇది. సంతోషాన్ని నేరుగా తరిమితే దొరకదు. వేరొక దాని మీద, అంటే ఇతరుల మేలు మీదో, ఒక కళ మీదో, ఒక పని మీదో మనసు నిలిపినవాళ్లకే అది దారిలో దొరుకుతుంది. అలాగని తండ్రి చదువుని ఆయన తిట్టుకోలేదు. తోటివాళ్ల కన్నా పాతికేళ్లు ముందు నిలబెట్టిందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గొప్ప పుస్తకాలు రాశాడు. కాబట్టి ఈ కథ మిమ్మల్ని బెదిరించడానికి చెప్పలేదు. చదువు లోతుగా చెప్పడం తప్పు కాలేదు. ఆ పిల్లవాడికి తనంటూ ఒక తీరిక, ఒక ఇష్టం, మార్కులతో పని లేని ఒక మూల లేకపోవడమే తప్పయింది.

‘నిన్నటి నీతోనే నీకు పోటీ’ అన్న మాట వినడానికి బాగుంటుంది. పక్కింటి పిల్లతో పోటీ కన్నా మర్యాదగానూ ఉంటుంది. కానీ పక్కింటి పిల్లతో పోటీ పరీక్షలతో అయిపోతుంది. నిన్నటి తనతో పోటీకి ఆదివారం లేదు, జ్వరం లేదు, అమ్మమ్మ లేదు.

మరి చిన్నప్పటి నుంచి గట్టిగా సాధన చేయించి పిల్లల్ని గొప్పవాళ్లను చేసిన తల్లిదండ్రులు లేరా అని మీవారు అడగొచ్చు. ఉన్నారు. హంగరీలో లాస్లో పోల్గార్ తన ముగ్గురు ఆడపిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పి, చదరంగంలో తీర్చిదిద్దాడు. చిన్నమ్మాయి జూడిత్ 1991లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, బాబీ ఫిషర్ పేరిట ఉన్న రికార్డుని దాటింది. ప్రపంచంలో ఎనిమిదో ర్యాంకు దాకా వెళ్లింది. అయితే ఆ ఇంట్లోకి చదరంగం వచ్చిన తీరు చూడండి. పెద్దమ్మాయి నాలుగేళ్ల వయసులో ఆడుకోవడానికి ఏదో వెతుకుతూ చదరంగం పావులు బయటికి తీసి, ఇదేమిటని అడిగింది. తండ్రి ఆ ఆసక్తిని పట్టుకున్నాడు. ఇంకో ఇంట్లో ఆండ్రీ అగస్సీ తండ్రి కూడా అంతే పట్టుదలతో కొడుకు చేత టెన్నిస్ ఆడించాడు. కొడుకు ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు. 2009లో ఆత్మకథ రాస్తూ టెన్నిస్ అంటే తనకు అసహ్యమని చెప్పుకున్నాడు. రెండు ఇళ్లలోనూ తొయ్యడం ఉంది, రెండు చోట్లా గెలుపూ ఉంది. ఒక చోట పిల్ల చేయి చాపి అడిగింది, ఇంకో చోట పిల్లవాణ్ణి అడిగినవాళ్లు లేరు. తేడా అంతా దీనివల్లే వచ్చిందని నేననను, ఒక్కో ఇంటి కథ ఒక్కోలా ఉంటుంది. కానీ అడగడానికి ఖర్చేమీ లేదు కదా.

ఇక మీ అమ్మాయి నిద్ర సంగతి. ఇది అన్నిటికన్నా తొందరగా సరిచేయాల్సిన విషయం. రోజుకి ఐదు గంటలు నిద్రపోతోంది. ఈ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. తెల్లవారుజామున లేవడం గొప్పవాళ్ల లక్షణమని మీ అమ్మాయి ఎక్కడో విని ఉంటుంది. దానికి జవాబుగా ఈ సంగతి చెప్పండి. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బెర్లిన్‌లోని ఒక సంగీత విద్యాలయంలో వయొలిన్ నేర్చుకునేవాళ్లను పరిశీలించారు. ‘ఏ విద్యకైనా పది వేల గంటల సాధన కావాలి’ అని అందరూ చెప్పుకునే మాట ఆ పరిశోధన నుంచి పుట్టిందే. నిజానికి పది వేలు అనేది అందులో అందరికన్నా బాగా వాయించేవాళ్లు ఇరవై ఏళ్ల వయసుకి చేసిన సాధనకు సగటు. అన్ని గంటలు కూర్చుంటే ఎవరైనా అంతవాళ్లవుతారని పరిశోధకులు హామీ ఇవ్వలేదు. పై స్థాయి విద్యార్థులు వారానికి దాదాపు 24 గంటలు ఒంటరిగా సాధన చేస్తే, సంగీతం టీచర్లు కావడానికి చదువుతున్నవాళ్లు 9 గంటలు చేసేవాళ్లు. ఇంతవరకు మీవారి మాటే గెలుస్తుంది.

కానీ అదే పరిశోధనలో జనం అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. బాగా వాయించేవాళ్లే మిగతావాళ్ల కన్నా ఎక్కువ నిద్రపోయేవాళ్లు. మధ్యాహ్నం పూట కునుకు కూడా తీసేవాళ్లు. మనసు పెట్టి చేసే సాధన మనిషిని పిండేస్తుంది, దాన్ని రోజుకు కొద్ది గంటలకు మించి లాగడం కుదరదు. గంటో గంటన్నరో చేసి, ఆపి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. విశ్రాంతి వాళ్లకు సాధనలో భాగం. ఇంకొకటి. ఆ సాధనలో ఎప్పుడూ చేతిలో ఒక నిర్దిష్టమైన పని ఉంటుంది. ఫలానా చోట స్వరం జారుతోంది, ఫలానా చోట చేయి బిగుసుకుంటోంది అని చూసి చెప్పే గురువు ఉంటాడు. మీ అమ్మాయి నోట్‌బుక్‌లో గురువు లేడు, ఫలానా చోట అన్నది లేదు. అందులో ఉన్నవన్నీ నిమిషాలు, పేజీలు, ఒక తీర్పు. అంత కష్టపడుతున్న పిల్లకు ఆ కష్టం దేని మీద పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. ఈ విషయంలో మీ అమ్మాయి మీద నాకు జాలి కన్నా గౌరవం ఎక్కువ. ఆ శక్తి నిజమైనది. అది నీళ్లపాలు కాకూడదు.

బొమ్మల టైమర్ గురించి మీరు మధ్యలో ఒక ముక్క రాశారు. ఆ ముక్కే నన్ను ఎక్కువసేపు ఆపింది. 1973లో మార్క్ లెపర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి ‘బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొంతమందికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొంతమందికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత పిల్లల్ని వాళ్ల మానాన వదిలి చూస్తే, సర్టిఫికెట్ కోసం గీసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే ఆ రంగు పెన్నులు పట్టుకున్నారు. ఇష్టంతో చేసే పనికి బయటి నుంచి ఒక లెక్క తగిలించగానే, అది లెక్క కోసం చేసే పనైపోతుంది. పిలిచినా పలకనంతగా బొమ్మల్లో మునిగిపోయిన పిల్ల, టైమర్ మోగగానే పెన్సిల్ కింద పెడుతోందంటే ఆ ఇష్టం సన్నగిల్లుతోందని అర్థం. మీవారికి మొక్క సామెత ఇష్టం కదా, అదే పట్టుకుని చెబుతాను. మొక్కని వంచడం ఒక ఎత్తు. వేరు ఎంత పెరిగిందోనని రోజూ పీకి కొలవడం ఇంకో ఎత్తు.

‘వదిలేస్తే వెనకబడిపోతుంది’ అన్న భయానికి వస్తాను. తమ మీద తాము కఠినంగా ఉంటేనే ముందుకెళ్తామని చాలామంది నమ్మకం. 2012లో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇది ఎంతవరకు నిజమో చూశారు. ఒక కష్టమైన పరీక్షలో సరిగ్గా చేయలేకపోయిన విద్యార్థుల్లో కొందరికి ‘ఇది అందరికీ కష్టంగానే ఉంటుంది, నిన్ను నువ్వు మరీ తిట్టుకోకు’ అనే అర్థంలో చెప్పారు. కొందరిని పొగిడి ధైర్యం చెప్పారు. కొందరికి ఏమీ చెప్పలేదు. రెండోసారి పరీక్షకు అందరికన్నా ఎక్కువసేపు చదివింది ఆ మొదటివాళ్లు. తిట్టుకోవద్దని చెబితే బద్ధకించలేదు, పైగా ఎక్కువ కూర్చున్నారు. తప్పు చేసినా తన విలువ పోదని నమ్మకం ఉన్న పిల్లే ఆ తప్పుని తిరిగి చూడగలదు. లేకపోతే పేజీ తిప్పేస్తుంది.

మీవారికి జీతాలు, ఉద్యోగాలు లెక్కలోకి వస్తాయనుకుంటే ఇంకొకటి చెప్పండి. 2006లో ఉద్యోగాల కోసం వెతుకుతున్న డిగ్రీ విద్యార్థుల మీద బారీ షువార్ట్జ్, షీనా అయ్యంగార్ తదితరులు పరిశోధన చేశారు. ‘అన్నిటికన్నా ఉత్తమమైనదే కావాలి’ అనుకునేవాళ్లకు, ‘నాకు సరిపోయేది చాలు’ అనుకునేవాళ్ల కన్నా 20 శాతం ఎక్కువ జీతంతో ఉద్యోగాలు వచ్చాయి. కానీ వచ్చిన ఉద్యోగం మీద తృప్తి మాత్రం వాళ్లకే తక్కువ. వెతికినంత కాలం టెన్షన్ పడ్డదీ వాళ్లే. అంటే ఇలా తొయ్యడానికి ఫలితం ఉండదని నేను చెప్పడం లేదు. ఫలితం ఉంటుంది. అది చేతికి వచ్చినా సంతోషించలేని మనిషి తయారవుతుందేమో చూసుకోవాలి.

ఇది మీ ఇంటి ఒక్కదాని సమస్య కూడా కాదు. థామస్ కరన్, ఆండ్రూ హిల్ 2019లో అచ్చువేసిన పరిశోధనలో అమెరికా, కెనడా, బ్రిటన్‌లకు చెందిన 40,000 మందికి పైగా కాలేజీ విద్యార్థుల జవాబులు ఉన్నాయి. 1989 నుంచి 2016 దాకా చూస్తే ‘నేను ఏ లోపమూ లేకుండా ఉండాలి’ అనే ధోరణి పెరుగుతూ వచ్చింది. అందులోనూ అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది ‘అందరూ నా నుంచి అలా ఆశిస్తున్నారు’ అనే భావన. ఇంట్లో మీరు ఒక్క మాట అనకపోయినా, ఫోన్ తెరిస్తే చాలు, ఈ మాట పిల్లలకు వినపడుతూనే ఉంది. ఒక్క రోజు తప్పితే రెండు వందల రోజుల వరసని సున్నాకి చేర్చే యాప్‌లు మీ అమ్మాయి ఫోన్లోనూ ఉండి ఉంటాయి. అందుకే ఇల్లు ఇంకో యాప్ కాకూడదు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను.

మొదట, ఆ నోట్‌బుక్ చదివానని తనకు చెప్పేయండి. తెలియనట్టు నటిస్తూ సలహాలు మొదలుపెడితే 17 ఏళ్ల పిల్ల ఒక్క రోజులో పసిగడుతుంది. తర్వాత ఆ గడులన్నీ ఫోన్లోకి, పాస్‌వర్డ్ వెనక్కి వెళ్లిపోతాయి. ‘టేబుల్ సర్దుతూ నీ నోట్‌బుక్ తెరిచాను. నిన్ను అడగకుండా చూసి ఉండాల్సింది కాదు. అమ్మమ్మ దగ్గర కూర్చున్న రోజుకి మూడు వేసుకున్నావు. అది చూసినప్పటి నుంచి నాకు ఏదోలా ఉంది. ఎందుకలా రాశావో చెప్తావా?’ అని అడిగి ఊరుకోండి. వెంటనే ‘నువ్వు చాలా మంచి పిల్లవి, పదికి పది’ అనకండి. అది కూడా మార్కులు వేయడమే. తను చెప్పేది పూర్తిగా వినండి. ఏడ్చినా, విసుక్కున్నా, ‘నీకు అర్థం కాదులే అమ్మా’ అన్నా వినండి.

తర్వాత అదను చూసి ఒకే ఒక్క ప్రశ్న వేయండి. ఆ రోజుకి మార్కులు అమ్మమ్మని వేయమంటే ఎంత వేసేది? ఆ మధ్యాహ్నం మనవరాలు మందు అందించి ఉంటుంది, దుప్పటి సర్ది ఉంటుంది, ఊరికే చేయి పట్టుకుని కూర్చుని ఉంటుంది. వీటికి ఆ నోట్‌బుక్‌లో గడి లేదు. గడి లేదు కాబట్టి జరగనట్టే లెక్క వేసుకుంది. దయచేసి ‘అయితే అమ్మమ్మతో గడిపిన నిమిషాలకూ ఒక గడి గీసుకో’ అని మాత్రం సలహా ఇవ్వకండి. కొన్ని పనులు లెక్కకు బయట ఉండాలి.

నోట్‌బుక్ లాక్కోవద్దు, చింపొద్దు. అది తన శ్రమ. మూడు మార్పులు మాత్రం అడగండి. రోజుకి వేసే మొత్తం మార్కు తీసేయాలి. నిద్ర తగ్గించకూడదు, పొద్దున్న నాలుగున్నర అలారం పోవాలి. బొమ్మలు ఆ పుస్తకంలోంచి పూర్తిగా బయటికి రావాలి. చదువుకి సంబంధించిన పేజీలు, సబ్జెక్టులు రాసుకుంటే రాసుకోనివ్వండి. వాటికి ఒక ప్రణాళిక ఉండటం మంచిదే.

బొమ్మల్లో ఇంకా లోతుగా వెళ్లాలని తనకే ఉంటే, మంచి గురువుని చూడండి. ఇక్కడ మీవారి పట్టుదల బంగారంలా పనికొస్తుంది. చేతులు గీయడం రావడం లేదా, నెల రోజులు చేతులే గీయనివ్వండి. గురువు పది తప్పులు చూపించనివ్వండి. మీ అమ్మాయి తట్టుకుంటుంది, ఎందుకంటే అక్కడ దిద్దుకోవాల్సింది బొమ్మని. ప్రమాణం ఎంత ఎత్తున పెట్టినా ఫరవాలేదు, అది కాగితం మీద ఉన్నంత వరకు. అలాగే ఇంట్లో ఎవరైనా ఏదో ఒక పని బాగా రాకపోయినా సరదాగా చేస్తూ కనిపించాలి. మీరు శ్రుతి తప్పినా పాడండి, మీవారు ఓడిపోతూ కూడా ఏదైనా ఆట ఆడాలి. పెద్దవాళ్లు చేతగాని పనిని కూడా ఆనందంగా చేయడం చూడని పిల్లలకు అది తప్పు కాదని ఎలా తెలుస్తుంది?

ఇక మీవారి సాయంత్రపు ప్రశ్న. ఆయన ప్రేమతోనే అడుగుతున్నారని నాకు సందేహం లేదు. కానీ ‘ఇవాళ ఏం సాధించావ్?’ అని ఏళ్ల తరబడి వింటూ పెరిగిన పిల్ల, నాన్న ఇంటికి రాకముందే ఆ ప్రశ్న తనే వేసుకోవడం నేర్చుకుంది. ఆ నోట్‌బుక్‌లో ఉన్నది ఆ ప్రశ్నే. దాని బదులు ‘ఇవాళ ఎక్కడ ఆగిపోయావ్?’ అని అడిగి చూడమనండి. ఆగిపోయిన చోటు చెప్పుకోవచ్చని తెలిస్తే పిల్లలు మాట్లాడతారు. ఆయనకు తెలిసిన విషయమైతే పక్కన కూర్చుని చూడొచ్చు, తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు. కొన్ని రోజులు ఏమీ అడక్కుండా వచ్చి పక్కన కూర్చున్నా చాలు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. భోజనం మానేయడం, ఒంట్లో బాగాలేకపోయినా వ్యాయామం ఆపకపోవడం, స్నేహితులను పూర్తిగా దూరం పెట్టడం, చిన్న తప్పుకే గంటల తరబడి ఏడవడం, ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా మాటలతో సరిపెట్టుకోకుండా సైకాలజిస్ట్ దగ్గరికో, సైకియాట్రిస్ట్ దగ్గరికో తీసుకెళ్లండి. చనిపోవాలన్న మాట వస్తే మర్నాటి దాకా ఆగకండి, తనని ఒంటరిగా వదలకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇంకా అంతదూరం వెళ్లలేదనిపిస్తోంది. కానీ మీరు దగ్గర ఉండి చూస్తున్నారు, నేను ఉత్తరమే చూశాను.

ఈ మార్పులు మొదలైన కొత్తలో మీ అమ్మాయికి హాయిగా ఏమీ ఉండదు. మార్కు వేసుకోని రాత్రి ఏదో మర్చిపోయినట్టు, తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఎనిమిది గంటలు పడుకుని లేస్తే సిగ్గుగా కూడా అనిపించొచ్చు. కొన్ని వారాలు అలా ఉంటుందని ముందే చెప్పండి. ఆ మధ్యలో ఏదో ఒక పరీక్షలో మార్కులు తగ్గొచ్చు కూడా. అలా తగ్గిన రోజు సాయంత్రం మీవారు గుమ్మంలోకి వచ్చి ఏమంటారన్నది ఇప్పుడే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ‘చూశావా, నే చెప్పలేదూ’ అన్న మాట ఆ రోజు ఆయన నోటి నుంచి రాకూడదు. మీ నోటి నుంచి కూడా.